మహారాజశ్రీ బోవీ కత్తి గారి దివ్యసముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ అమెరికాలో తమరు మఖమల్ పరిచిన గాజు పెట్టెలో క్షేమంగా పడుకుని ఉన్నారని తలుస్తాను. తమరికి బయటికొచ్చే పని ఎలాగూ లేదు. ఏళ్ల తరబడి వరసలో వేచి ఉండి, వేల డాలర్లు పోసి మిమ్మల్ని చేయించుకున్న ఆసామి మీతో ఒక ఉల్లిపాయ కూడా కోయడు. వేలిముద్ర పడితే ఎక్కడ తుప్పు పడుతుందోనని టెన్షన్ పడి, నూనె గుడ్డతో తుడిచి మళ్లీ పడుకోబెడతాడు.

తమరి వంశం గురించి నాకు కొన్ని సందేహాలున్నాయి. మీ లక్షణాలేమిటని అడిగితే మీ భక్తులు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అలుగు, అంటే పదునుండే పలక, పెద్దదై ఉండాలి. మొన దగ్గర కత్తి వీపు చెక్కేసినట్టు లోపలికి వంగాలి, దాన్నే క్లిప్ పాయింట్ అంటారు. పిడి దగ్గర చేతికి రక్షణగా అడ్డంగా పట్టీ, అదే గార్డ్, ఉండాలి. వీటిలో ఒకటి తగ్గినా పంక్తిలోంచి లేపేస్తారు.

మీ ఇంటివాళ్లు మాత్రం అలా చెప్పలేదు. మీకు పేరొచ్చింది 1827 సెప్టెంబర్ 19న, మిసిసిపీ నదిలో ఇసుక తిన్నె మీద జరిగిన గొడవలో. ద్వంద్వ యుద్ధానికని వచ్చిన అసలు ఇద్దరూ చెరో రెండు సార్లు కాల్చుకున్నారు, ఎవరికీ తగల్లేదు, చేతులు కలుపుకున్నారు. కొట్టుకుంది వెంట వచ్చినవాళ్లు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ రాజీపడ్డాక వియ్యాలవారు కలబడినట్టు! ఆ వచ్చినవాళ్లలో ఒకడు, మీకు ఇంటిపేరిచ్చిన జిమ్ బోవీ, గుళ్లు తిని, పోట్లు తిని కూడా నారిస్ రైట్ అనే ఆయన్ని కత్తితో పొడిచి చంపాడు. ఆ వార్త పాకిన దగ్గర్నుంచి అందరికీ అలాంటి కత్తే కావాల్సి వచ్చింది. అలాంటిదంటే ఎలాంటిది?

1838లో జిమ్ అన్నగారు రెజిన్ బోవీ స్వయంగా పత్రికకు ఉత్తరం రాశాడు. మొదటి కత్తి నేనే చేశాను, అది వేట కోసం, పొడవు తొమ్మిదింబావు అంగుళాలు, వెడల్పు అంగుళంన్నర, పదును ఒకవైపే, అలుగుకి వంపు లేదు అని. క్లిప్ ఊసే లేదండీ! ఆయన స్నేహితులకు బహుమతిగా ఇచ్చిన కత్తులు ఇప్పటికీ ఉన్నాయి. వెండి అలంకారం తీసేసి చూస్తే అవి మాంసం కొట్టే కత్తికి చుట్టాలే. ఆ పెద్దమనిషి ఈరోజు వాటినే పట్టుకుని ప్రదర్శనకి వస్తే, "కత్తి బాగుంది గానీ బోవీ కాదు సార్" అని మర్యాదగా సాగనంపుతారు.

ఇక మిమ్మల్ని నేనే చేశానన్నది అర్కాన్సాలో, వాషింగ్టన్ అనే ఊరి కమ్మరి జేమ్స్ బ్లాక్. చూపు పోయాక ఒక కుటుంబం ఆయన్ని చేరదీసింది. 1870లో ఆ ఇంటి కొడుకు డేనియల్ జోన్స్‌ని కాగితం, కలం తెమ్మన్నాడు, ఉక్కు రహస్యం చెప్పేస్తానని. గంటకు పైగా నుదురు రుద్దుకున్నాడు. ఒక్క ముక్క గుర్తురాలేదు. తర్వాత ఆ రాష్ట్రానికి గవర్నరైన జోన్స్ చెబితేనే మనకీ సంగతి తెలిసింది. తమరి జన్మపత్రిక ఇంత పకడ్బందీగా ఉంది.

ఈలోగా ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వాళ్లు అమెరికా దేశభక్తి నినాదాలు చెక్కి మరీ మిమ్మల్ని ఓడలకెక్కించారు. ఆనక సినిమావాళ్లు మీ నడుము కొలతలు ఖాయం చేశారు. 1837లో అలబామా వాళ్లు ఒక్కో అమ్మకానికి వంద డాలర్ల పన్ను వేశారు. జిమ్ బోవీ ప్రాణాలు వదిలిన టెక్సస్‌లోనైతే మిమ్మల్ని మొలలో దోపుకుని తిరగడం 2017 దాకా నేరమే. ఆయన పోయిన అలమో కోట దగ్గర ఆయనకి దండలు, ఆయన కత్తికి కేసులు. పైగా బోవీ అంటే ఏమిటో ఆ శిక్షాస్మృతిలో నిర్వచనం లేదు.

డమాస్కస్ ఉక్కు పేరుతో ఈమధ్య తమరు కట్టే జరీ బట్టల గురించి కూడా ఒక మాట. రెండు రకాల ఉక్కు పొరలు కలిపి కాల్చి, సుత్తితో కొట్టి, మెలిపెట్టి, చివర ఆసిడ్‌లో ముంచితే తేలే గీతలవి. అందంగానే ఉంటాయి, కాదనను. కానీ ఆ పేరు తెచ్చిన పాత కత్తుల ఉక్కు వేరు, అది మూసలో కరిగించింది. మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో అలాంటి ఉక్కు చేస్తే పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్లేవారు. మీ ఆహ్వానపత్రికల్లో మా ఊరి పేరు చిన్న అక్షరాల్లోనైనా వేయించండి.

వెక్కిరించానని కోపం తెచ్చుకోకండి. మిమ్మల్ని చేసే చేతులంటే నాకు గౌరవం. 1976లో పుట్టిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్ష చూడండి. వేలాడుతున్న అంగుళం మందం తాడు ఒక్క వేటుకి తెగాలి. మందపాటి చెక్కని రెండుసార్లు రెండుగా నరకాలి. అంత నరికాక కూడా ముంజేతి వెంట్రుకలు గీసేంత పదును మిగలాలి. చివరికి వైస్ అనే బిగింపు పరికరంలో బిగించి తొంభై డిగ్రీలు వంచితే రెండు ముక్కలు కాకూడదు. అంచు గట్టిగా, వీపు మెత్తగా ఉండేలా కాల్చి చల్లార్చడం తెలిసినవాడికే అది సాధ్యం. అక్కడ తాడు క్లిప్ ఉందా లేదా అని అడగదు.

ఇంకా మురిపించేది మీ వీపు. పిడి దగ్గర పట్టుకుని పైనుంచి చూస్తే, గార్డ్ దగ్గర దళసరిగా మొదలై మొనకి వెళ్లేకొద్దీ ఎక్కడా మెట్టు పడకుండా సన్నబడుతూ పోతుంది. అందుకే అంత పెద్ద కత్తి చేతిలో బరువనిపించదు. తర్వాత గార్డ్‌కి, అలుగుకి మధ్య అతుకుని దీపానికి ఎదురుగా పెట్టి చూడాలి. వెలుగు గీత కనబడిందా, పని తెలియని చేయి. ఈ రెండూ చూడటం రానివాడే క్లిప్ కొలతల మీద గొంతు చించుకుంటాడు.

ఇట్లు,
తమరిని కొనే స్తోమత లేని ఒక అభిమాని

తా.క. పిడికి దగ్గర, అంచు మొదట్లో, మీకు స్పానిష్ నాచ్ అనే చిన్న నొక్కు ఒకటి ఉంటుంది గదా, అది ఎందుకు? ఎదుటివాడి కత్తిని ఇరికించి లాగడానికని ఒకరు, సాన పట్టడం ఎక్కడ ఆపాలో గుర్తుకని ఇంకొకరు, ఉత్త సోకని మరొకరు అంటారు. తెలిస్తే తిరుగు టపాలో రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి, బ్లాక్ గారిలా గంటసేపు నుదురు రుద్దుకోనక్కర్లేదు.