బ్యాట్ లోపల జరిగిన మోసం అంపైర్ కంటికి ఆనుతుందా?

2025 ఐపీఎల్‌లో అంపైర్లు ఓ ప్లాస్టిక్ గేజ్ తీసి, బ్యాటర్ చేతిలోని బ్యాట్‌ను అందులో దూర్చి చూడటం మనవాళ్లంతా టీవీలో చూశారు. ముల్లన్‌పూర్‌లో పంజాబ్‌తో జరిగిన మ్యాచ్‌లో కోల్‌కతా ఆటగాళ్లు సునీల్ నరైన్, ఆన్రిక్ నోర్క్యాల బ్యాట్లు అందులో పట్టలేదు. వేరేవి తెచ్చుకోక తప్పలేదు. క్రికెట్ నిబంధన సూటిగా ఉంటుంది: వెడల్పు 108 మిల్లీమీటర్లు, మందం 67, అంచు 40 దాటకూడదు. కొలిస్తే తేలిపోతుంది.

అమెరికాలో స్లో పిచ్ సాఫ్ట్‌బాల్ (బంతిని చేయి కిందినుంచి నెమ్మదిగా విసిరే బేస్‌బాల్ తరహా ఆట) ఆడించే అంపైర్‌కు ఆ సుఖం లేదు. అక్కడి బ్యాట్లు ఎక్కువగా కాంపోజిట్‌వి, అంటే కార్బన్ ఫైబర్ లాంటి నారను జిగురుతో కలిపి చేసినవి, లోపల బోలుగా ఉంటాయి. పొడవు 34 అంగుళాలు, బంతిని కొట్టే లావు భాగం, అంటే బ్యారెల్, వ్యాసం రెండుంపావు అంగుళాలు మించకూడదు. మోసం చేసేవాడు ఈ రెండింటి జోలికి అసలు పోడు. చివరన ఉండే ఎండ్ క్యాప్ ఊడదీసి, బ్యారెల్ లోపలి గోడను లేత్ మీద అరగదీసి, క్యాప్‌ను మళ్లీ అంటించేస్తాడు. దీన్నే షేవింగ్ అంటారు. గోడ పల్చబడితే బంతి తగిలినప్పుడు ఎక్కువగా లోపలికి వంగి, తిరిగి తన్నుతుంది. బంతి తాను నలిగి పోగొట్టుకునే శక్తి తగ్గి, వేగం పెరుగుతుంది. ఇంకో పద్ధతి రోలింగ్. రెండు రోలర్ల మధ్య బ్యాట్‌ను నొక్కుతూ తిప్పి, నెలల తరబడి వాడితే వచ్చే మెత్తదనాన్ని కాసేపట్లో తెప్పిస్తారు. మూడోది వట్టి రంగుల పని. వయసు పైబడినవాళ్లు ఆడే సీనియర్ లీగుల కోసం చేసిన చురుకైన బ్యాట్‌కు మామూలు బ్యాట్ రంగులు, ముద్ర వేసి దించేస్తారు.

ఆ మాత్రం దానికి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. అక్కడ ఈ ఆటను నడిపే సంఘం, ఇప్పుడు యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్‌గా పేరు మార్చుకున్న ఏఎస్ఏ, 2004 ప్రమాణంలో బ్యాట్ నుంచి వెళ్లే బంతి వేగానికి గంటకు 98 మైళ్ల పరిమితి పెట్టింది. అంటే దాదాపు 158 కిలోమీటర్లు. బంతి విసిరే పిచ్చర్ నిలబడేది 50 అడుగుల దూరంలో. నిబంధనలకు లోబడిన బ్యాట్‌తో కొట్టినా బంతి అతని మొహం దాకా రావడానికి సెకనులో మూడో వంతే పడుతుంది. అందులోంచి ఇంకాస్త లాగేసుకుంటే మిగిలేదేముంది? వారాంతంలో సరదాగా ఆడుకునే మనిషి దవడ పగిలితే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కోసం బ్యాట్ ఊపినవాడు బాధ్యత తీసుకోడు.

మరి అంపైర్ ఏం చూడాలి? ముందుగా ఎండ్ క్యాప్. ఫ్యాక్టరీలో అంటించిన క్యాప్ అంచు చుట్టూ ఒకే తీరుగా ఉంటుంది. ఊడదీసి పెట్టినదానికి ఎక్కడో ఒక చోట జిగురు పొంగి ఉంటుంది, లేదా స్క్రూడ్రైవర్ పెట్టి లేపిన గాటు కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కితే కాస్త కదలవచ్చు. ఆ తర్వాత బ్యాట్‌ను చెవి దగ్గర ఆడించి చూడాలి, లోపల ఏదైనా గలగలలాడుతోందా అని. సర్టిఫికేషన్ ముద్ర అలుక్కుపోయినా, అక్షరాలు అసలు మోడల్‌లో ఉన్నట్టు లేకపోయినా, పట్టి చూస్తే రాసి ఉన్న బరువుకు పొంతన లేకపోయినా అనుమానించాల్సిందే. గోడ పల్చబడితే మోత కాస్త బొంగురుగా మారుతుందన్న మాట నిజమే. కానీ పక్క మైదానాల్లోనూ ఆటలు సాగుతున్నచోట చెవిని నమ్మి ఎవర్ని అవుట్ అంటాం?

పైన చెప్పినవన్నీ అనుమానాలే, ఒక్కటీ రుజువు కాదు. చేయి తిరిగినవాడు షేవ్ చేసిన బ్యాట్ మీద గీత కూడా ఉండదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోనే చూడండి. 2003 జూన్‌లో షికాగో ఆటగాడు సామీ సోసా దొరికిపోయింది అతని చెక్క బ్యాట్ విరిగి, దాన్ని తేలిక చేయడానికి లోపల దూర్చిన కార్క్ (బెండు) బయటపడబట్టి. మిగతా 76 బ్యాట్ల సంగతి తేల్చడానికి ఎక్స్‌రే తీయాల్సి వచ్చింది, అవన్నీ శుభ్రంగానే ఉన్నాయి. షేవ్ చేసిన కాంపోజిట్ బ్యాట్ అంత ఉపకారం చేయదు. అది పగిలినా, పాతబడి పగిలిందంటే కాదనేవాడు ఉండడు.

కంప్రెషన్ టెస్టర్ ఉందిగా అంటారు. బ్యారెల్‌ను బిగించి, కొద్దిగా వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చూపే పరికరం అది. గోడ మరీ మెత్తగా ఉంటే బ్యాట్‌ను పక్కన పెట్టేస్తారు. పెద్ద టోర్నమెంట్లలో ఆటకు ముందే పరీక్షించి స్టిక్కర్ అంటిస్తారు కూడా. ఇది మంచి పద్ధతే, కానీ ఒక చిక్కుంది. కాంపోజిట్ బ్యాట్ నిజాయితీగా ఆడినా వాడేకొద్దీ మెత్తబడుతుంది. ఎండలో కారు డిక్కీలో పెట్టినా మెత్తబడుతుంది. కాబట్టి టెస్టర్ బ్యాట్ పనికిరాదని చెప్పగలదే గానీ, దాని యజమాని దొంగ అని చెప్పలేదు. ఈ తేడా తెలియని నిర్వాహకులు, పాత బ్యాట్‌తో వచ్చిన అమాయకుణ్ని నలుగురిలో నిలబెట్టి పరువు తీస్తారు.

నా దృష్టిలో అంపైర్ పని నేరం రుజువు చేయడం కాదు, బ్యాట్‌ను స్వాధీనం చేసుకోవడం. యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ నిబంధనల్లో ఇలా మార్చిన బ్యాట్‌తో బ్యాటర్ నిలబడే బాక్సులోకి వస్తే అవుటే కాదు, ఆట నుంచి బహిష్కరణ కూడా. అంత పెద్ద శిక్షను మ్యాచ్ ఫీజు మీద పనిచేసే ఒక మనిషి కంటిచూపు మీద వదిలేస్తే, అతను గొడవెందుకులే అని చూసీ చూడనట్టు పోతాడు. అనుమానం రాగానే బ్యాట్ తీసుకోవాలి, ఆటగాడికి రసీదు ఇవ్వాలి, కోసి చూసే ల్యాబ్‌కు పంపాలి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో బ్యాట్లను పరీక్షించే ల్యాబ్ ఉండనే ఉంది. తప్పు లేదని తేలితే కొత్త బ్యాట్ డబ్బులు లీగే కట్టాలి. బ్యాట్ ఇవ్వనని మొండికేస్తే దాన్నే తప్పు ఒప్పుకోలుగా తీసుకోవాలి.

ఇందుకు డబ్బు కావాలి, చిన్న లీగుల దగ్గర అది ఉండదు. కొన్ని లీగులు చెక్క బ్యాట్‌తోనే ఆడాలని పెట్టుకుని ఈ తలనొప్పి చాలావరకు వదిలించుకున్నాయి. కాకపోతే చెక్క బ్యాట్‌తో బంతి అంత దూరం పోదు. కంచె దాటించే మజా కోసం వచ్చేవాళ్లు అటువైపు చూడరు. బ్యాట్లు షేవ్ చేసి పెట్టేవాళ్లకు గిరాకీ తగ్గనిది అందుకే.