క్లర్కు కుర్చీకి డిగ్రీ అడుగుతూ నైపుణ్యం పాఠాలా?

పది, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఏటా ఇదే తంతు. ఒకవైపు ర్యాంకుల హోర్డింగులు, ఫోన్ నంబర్లు ఎలా సంపాదిస్తారో గానీ ఇంటింటికీ వచ్చి కూర్చునే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు. ఇంకోవైపు మంత్రులు వేదికలెక్కి డిగ్రీ ముఖ్యం కాదు నైపుణ్యం ముఖ్యం, అందరూ ఇంజినీరింగే చదవక్కర్లేదు, ఐటీఐ చేసినవాళ్లకూ మంచి భవిష్యత్తు ఉంది అని చెప్పడం. మాట మంచిదే. మేమూ అదే నమ్ముతాం. కానీ ఆ మాట చెప్పే ప్రభుత్వమే తన ఆఫీసులో ఇన్‌వర్డ్ రిజిస్టరు రాసే జూనియర్ అసిస్టెంటుకు డిగ్రీ ఉండి తీరాలని నోటిఫికేషన్ ఇస్తోంది. మా కోపమల్లా దాని మీదే.

2022 డిసెంబరులో తెలంగాణలో వచ్చిన గ్రూప్-4 నోటిఫికేషన్ గుర్తుందిగా. ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిది లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. అర్హత డిగ్రీ. అంతకుముందు 2018లో పంచాయతీ కార్యదర్శులకూ డిగ్రీయే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షా పాతిక వేలకు పైగా పోస్టులు తీస్తే వాటిలోనూ చాలావాటికి డిగ్రీ, లేదంటే డిప్లొమా. ఈ పనులేమిటి? ఫైలు కట్టడం, నోట్ పెట్టడం, కంప్యూటర్లో వివరాలు ఎక్కించడం, జనం వస్తే ఓపిగ్గా సమాధానం చెప్పడం. ఇంటర్ పాసైన అమ్మాయికో అబ్బాయికో ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పిస్తే రాని పని ఇందులో ఏముందో ఏ సర్వీస్ కమిషనైనా చెప్పాలి. పోనీ బీకామ్ చదివినవాళ్లకు, జువాలజీ చదివినవాళ్లకు మూడేళ్ల డిగ్రీలో నోట్ ఫైలు ఎలా పెట్టాలో నేర్పారా? లేదు. వాళ్లూ ఉద్యోగంలో చేరాకే, పక్క సీటాయన దగ్గరే నేర్చుకుంటారు.

ఇంటర్ అర్హత పెడితే ఏం జరుగుతుందో కూడా చూశాం. 2018లో తెలంగాణలో 700 వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టులకు పది లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి, అందులో పీజీలు చేసినవాళ్లూ ఉన్నారు. దాన్ని చూపించి, అర్హత తగ్గిస్తే లాభమేంటి, పెద్ద చదువులవాళ్లే కొట్టుకుపోతారు కదా అంటారు. ఆ పెద్ద చదువులవాళ్లు కింది పోస్టుల దాకా ఎందుకు దిగుతున్నారు? చదవాలన్న ఇష్టంతో కాకుండా, లేకపోతే ఏ నోటిఫికేషన్‌కూ అప్లై చేయలేమన్న భయంతో చదివిన డిగ్రీలు అవి. ఆ భయం పెట్టింది ఎవరు? నైపుణ్యం చాలు అంటున్న ఇదే ప్రభుత్వాలు.

ప్రమోషన్లకు డిగ్రీ అక్కరకొస్తుందని, లక్షల దరఖాస్తుల్ని వడపోయడానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అని అధికారుల వాదన. గీత గీయండి, కాదనేదెవరు. పని వచ్చా రాదా అన్నచోట గీయండి, మూడేళ్ల ఫీజు కట్టాడా లేదా అన్నచోట కాదు. కరెంటు శాఖలో జూనియర్ లైన్‌మన్ పోస్టు చూడండి. పది పాసై, ఎలక్ట్రీషియన్ లేదా వైర్‌మన్ ఐటీఐ చేసి ఉంటే చాలు, కానీ స్తంభం ఎక్కి దిగి చూపించాలి. ఎక్కలేకపోతే రాత పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా ఇంటికే. అదీ పరీక్షంటే. (తెలంగాణలో ఆ రాత పరీక్షను కూడా సరిగ్గా జరపలేక 2022లో అక్రమాల వల్ల రద్దు చేసి, మరుసటి ఏడాది మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చారు. స్తంభం ఎక్కడం ప్రాక్టీసు చేసుకుని కూర్చున్న పిల్లలు అప్పటిదాకా ఏం చేశారో ఎవరూ అడగలేదు.)

కేంద్రం 2019లో రవాణా వాహనాల డ్రైవర్లకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనే ఎత్తేసింది. బండి నడపడం వచ్చా రాదా అన్నదే లెక్క అని ఒప్పుకుంది. అంటే నిబంధన మార్చడం ప్రభుత్వాలకు చేతకాక కాదు. లారీ నడిపేవాడి విషయంలో మారిన రూలు క్లర్కు కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మారదు?

ఐటీఐ అంటే తెలియనివాళ్లకు అదేదో చదువు రానివాళ్ల చోటు. ఒక్కసారి ఫిట్టర్ ట్రేడ్ వర్క్‌షాపులోకి వెళ్లి చూడండి. మొదటి నెలల్లో పిల్లల చేతిలో ఉండేది ఆకురాయి. బెంచ్ వైస్‌లో ఇనుప ముక్క బిగించి గంటలకొద్దీ రాస్తారు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి ఆ ముక్కకు మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూస్తాడు, సందులోంచి సన్నగా వెలుగు కనబడిందంటే మళ్లీ మొదటికి. పద్నాలుగు, పదిహేనేళ్లకు వచ్చి చేరిన పిల్లవాడు రెండేళ్లలో మిల్లీమీటర్లో వందో వంతు తేడాను కొలిచే స్థాయికి వస్తాడు. ఈ పనిని చదువు కాదనే ధైర్యం ఎవరికుందో మాకు అర్థం కాదు. ఇంత చేసి బయటికొచ్చాక, అదే జిల్లాలో ఆఫీసు క్లర్కు పోస్టు పడితే అప్లై చేయడానికి కూడా అతను పనికిరాడు.

తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకుంది. 2,324 కోట్ల రూపాయల ప్రాజెక్టు, 2024లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. పాతకాలపు లేత్ మిషన్ల స్థానంలో రోబోటిక్స్, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలు రావడం నిజంగా మంచి పని, మెచ్చుకుంటాం. కానీ ఆ యంత్రాల మీద నేర్చుకున్నవాళ్ల తర్వాతి అడుగు ఎక్కడ? అక్కడే అసలు గుట్టు బయటపడుతుంది.

తర్వాతి అడుగు అప్రెంటిస్, అంటే సంస్థలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ. దానికి 1961 నాటి చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో రూలు మార్చారు. అప్పుడే ఐటీఐ పాసైనవాళ్ల కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలుగా నిర్ణయించారు. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే రోజుకు 269 రూపాయలు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. రెండేళ్లు చదివి, సర్టిఫికెట్ తెచ్చుకుని, మిషన్ దగ్గర నిలబడ్డవాడికి చట్టం హామీ ఇచ్చింది చెరువు మట్టి తవ్వినందుకు ఇచ్చే కూలి కన్నా తక్కువ. మట్టి తవ్వినవాళ్లకు ఎక్కువ ఇస్తున్నారని కాదు మా బాధ, వాళ్లకీ అది చాలదు. నైపుణ్యానికి విలువ ఇస్తున్నామని చెప్పుకునే దేశం ఆ నైపుణ్యానికి రాసిపెట్టిన ధర ఇదని చెబుతున్నాం. ఊరు వదిలి జీడిమెట్లకో, గాజువాకకో వచ్చినవాడికి ఆ డబ్బు హాస్టల్ బెడ్డుకూ మెస్సుకే సరిపోదు, ఇంటికి పంపేది ఎక్కడిది. ఈ స్టైపెండ్లను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది 2025 మేలో. సిఫారసు చేయడానికే ఆరేళ్లు పట్టింది.

ఏడాది అయ్యాక? చేతిలో ఒక జాతీయ సర్టిఫికెట్ పెట్టి పంపించేస్తారు. ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత సంస్థకు లేదని చట్టంలోనే ఉంది. వాళ్లు కార్మికులు కూడా కాదు, ట్రైనీలు, కాబట్టి చాలా కార్మిక చట్టాలు వర్తించవు. మనకు తెలిసిన పెద్ద పెద్ద ప్రభుత్వరంగ సంస్థలన్నీ ఏటా అప్రెంటిస్‌లను తీసుకుంటాయి, ఏడాది తిరగ్గానే ఆ బ్యాచ్‌ను పంపి కొత్త బ్యాచ్‌ను పిలుస్తాయి. రైల్వే మాత్రం లెవెల్-1 (అట్టడుగు స్థాయి) పోస్టుల్లో 20 శాతం తన దగ్గర అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు పక్కన పెడుతోంది. రైల్వే చేయగలిగింది జెన్‌కో, ట్రాన్స్‌కో, ఆర్టీసీ, మున్సిపాలిటీలు ఎందుకు చేయలేవు? తెలంగాణ విద్యుత్ సంస్థల్లో ఆర్టిజన్లు అన్న పేరుతో ఇరవై వేల మందికి పైగా ఉన్నారు, పనిచేసేది లైన్ల మీద, సబ్‌స్టేషన్లలో, అడిగేది చదువుకు తగ్గ రెగ్యులర్ పోస్టు. ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఇదీ వేదిక మీద పొగిడిన నైపుణ్యానికి దక్కిన మర్యాద.

ఇక ఇక్కడ దారి దొరకనివాళ్లు గల్ఫ్ బాట పడతారు. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయ్‌కి, కడప, కోనసీమ నుంచి కువైట్‌కి. పది కూడా పాసవకపోతే పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) అని పడుతుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా ఆ దేశాల్లో పనికి వెళ్లడానికి లేదు. ఆ క్లియరెన్స్ తప్పించుకునేందుకు విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల చేతుల్లో పడి మోసపోయేవాళ్ల సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు. అక్కడికి వెళ్లి ఏసీ పని, వెల్డింగ్, స్కాఫోల్డింగ్ చేసి ఇక్కడ అప్పులు తీర్చి ఇళ్లు కట్టినవాళ్లూ ఉన్నారు. వీళ్ల చేతిపనికి వేరే దేశంలో వీసా దొరుకుతోంది, సొంత రాష్ట్రం నోటిఫికేషన్‌లో ఒక గడి దొరకదు.

జాతీయ విద్యా విధానం 2020 కూడా ఇదే కథ. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలని అందులో రాసుకున్నారు. పంతొమ్మిది నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య పనిచేసేవాళ్లలో పద్ధతిగా వృత్తి విద్య పొందినవాళ్లు మన దేశంలో 5 శాతం కూడా లేరని, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమని అదే పత్రంలో ఒప్పుకున్నారు. 2025 వచ్చింది, వెళ్లింది. ఇప్పటికీ మన ఊళ్లో ఇంటర్ వొకేషనల్‌లో చేరానని చెబితే అయ్యో మార్కులు రాలేదా అనే అడుగుతారు. పెళ్లి సంబంధాల్లో మొదటి ప్రశ్న అబ్బాయి ఏం చదివాడనే, ఎంత సంపాదిస్తున్నాడన్నది తర్వాతే. ఇందులో తల్లిదండ్రులను తప్పుపట్టం. సర్కారే డిగ్రీ లేనివాళ్లను మనుషుల లెక్కలో వేయకపోతే, ఇంటి పెద్ద వేరేలా ఎలా ఆలోచిస్తాడు? అందుకే అప్పు చేసైనా ఏదో ఒక కాలేజీలో చేర్పిస్తాడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఇరుక్కుపోయినా సరే.

దళిత, బీసీ ఇళ్ల పిల్లలు ఇప్పుడిప్పుడే కాలేజీ గడప తొక్కుతుంటే వద్దంటారా అని అడిగేవాళ్లున్నారు. వద్దని మేమెందుకంటాం, చదవాలనుకున్న ప్రతి ఒక్కరూ చదవాలి, దానికి డబ్బు అడ్డం కాకూడదు. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని కాదు, వేదిక మీదివాళ్లను అడగాలి. ఐటీఐ గొప్పదని చెప్పే నాయకుల్లో, ఐఏఎస్‌లలో తమ పిల్లల్ని ఐటీఐకి పంపినవాళ్లు ఎందరు? వాళ్ల పిల్లలకు ఐఐటీ కోచింగ్, ఆ తర్వాత అమెరికాలో ఎంఎస్. వేదిక ముందు ఎండలో కూర్చున్న కూలివాళ్ల పిల్లలకేమో నైపుణ్యం, స్వయం ఉపాధి, కష్టపడితే పైకొస్తారన్న మాటలు. తమ ఇంట్లో పనికిరాని సలహా ఊరి మీద రుద్దడమే మమ్మల్ని మండిస్తోంది.

కావాల్సింది పెద్ద పథకమేం కాదు, కొత్త పేరు, కొత్త లోగో అసలే వద్దు. జూనియర్ అసిస్టెంట్ స్థాయి పోస్టులకు ఇంటర్ లేదా ఐటీఐ అర్హత పెట్టండి, పనికి సంబంధించిన పరీక్ష పెట్టండి, ప్రమోషన్ కావాలంటే ఉద్యోగంలో ఉంటూ దూరవిద్యలో డిగ్రీ చేసుకోనివ్వండి. అప్రెంటిస్ చేసినవాళ్లకు సర్కారు సంస్థల్లో రైల్వేలాగా వాటా ఇవ్వండి. స్టైపెండ్‌ను కేంద్రం కనీస వేతనానికి ముడిపెట్టాలి. మిగతావాటికి కోట్లు అక్కర్లేదు, ఒక జీవో చాలు, సంతకం పెట్టాల్సినవాళ్లు హైదరాబాద్‌లో, అమరావతిలో కూర్చునే ఉన్నారు. రాబోయే గ్రూప్-4 నోటిఫికేషన్‌లో విద్యార్హత అన్న గడిలో మళ్లీ 'ఏదైనా డిగ్రీ' అనే అచ్చువేసే పనైతే, దయచేసి మా పిల్లల ముందు మైకు పట్టుకుని నైపుణ్యం గురించి మాట్లాడకండి.