దానికి డబ్బు ఎవరు కడుతున్నారు?

“ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగేస్తారు” అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆఫర్లు వెతుక్కోవడం, పైఖర్చులకి ఏదో చిన్న పని చూసుకోవడం కక్కుర్తి కాదు. నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతుందో లెక్క చూసుకునే ఎవరైనా చేసే పనే. ఆ మాటకి భయపడే చాలామంది మోసపోయాక కూడా నోరు విప్పరు. నవ్వుతారని. వాళ్ళు చెప్పకపోవడం వల్ల అదే మోసం ఇంకొకరి దగ్గరికి హాయిగా నడుచుకుంటూ వెళ్తుంది. అందుకే వెక్కిరింపులు పక్కన పెట్టి, ఈ వ్యవహారాలన్నీ లోపల ఎలా నడుస్తాయో ఒకచోట రాస్తున్నాను.

ఏ ఆఫర్ కనిపించినా ముందు అడగాల్సింది ఒకటే: దీనికి డబ్బు ఎవరు కడుతున్నారు? జవాబు మీకు తెలిస్తే అది ఎంతవరకు నమ్మదగ్గదో కూడా తెలిసిపోతుంది. ఎంత ఆలోచించినా జవాబు తట్టకపోతే ఆ కట్టేది మీరే అనుకోండి.

నిజమైన ఉచితాలకి ప్రకటనలుండవు, అందుకే చాలామందికి వాటి పేర్లే తెలియవు. వాటిని నడిపేది విరాళాలు, కొన్ని సంస్థల సాయం, వాలంటీర్ల శ్రమ. ఆఫీసు పనికి లిబ్రాఫీస్, ఫొటోలకి జింప్, లోగోలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఆడియోకి ఆడాసిటీ, స్క్రీన్ రికార్డింగ్‌కి ఓబీఎస్, త్రీడీకి బ్లెండర్. వీటికి గడువు లేదు, కార్డు నంబరు అడగవు. కాపీరైటు తీరిన పుస్తకాలకి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ 1971 నుంచీ ఉంది. అలాంటి పుస్తకాలనే వాలంటీర్లు చదివి వినిపించే లిబ్రివాక్స్ 2005లో మొదలైంది. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో చాలా కోర్సులకి పాఠాలు, హోంవర్కులు, పరీక్ష పేపర్లు దొరుకుతాయి. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వరు. చదువు కావాలా, కాగితం కావాలా అన్నది ముందే తేల్చుకుంటే వేలకి వేలు కోర్సులకి పోయనక్కర్లేదు.

లిబ్రాఫీస్ పెట్టుకున్న రోజే తీసేసేవాళ్ళు చాలామంది. వాళ్ళ ఫిర్యాదు ఒక్కటే: ఫైలు తెరిస్తే లైన్లు జరిగిపోయాయి, పేజీలు పెరిగిపోయాయి. చాలాసార్లు తప్పు ఫాంటుది. ఫైలు తయారుచేసినవాళ్ళు వాడిన ఫాంటు మీ మెషీన్లో లేకపోతే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, దాని అక్షరాల వెడల్పు వేరు. వర్డ్ ఫైళ్ళలో ఎక్కువగా కనిపించే ఫాంట్లలో కాలిబ్రి బదులు కార్లిటో, కేంబ్రియా బదులు కలాడియా ఉండేలా చూసుకోండి. వెడల్పులు సరిపోయేలాగే వాటిని తయారుచేశారు. ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పక ఎంతమంది మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కి డబ్బు కట్టారో తలుచుకుంటే బాధేస్తుంది.

ప్రమాదం సాఫ్ట్‌వేర్‌లో లేదు, దాన్ని దింపుకునే చోట ఉంది. సెర్చ్‌లో పేరు కొడితే అన్నిటికన్నా పైన ప్రకటన వస్తుంది, అచ్చం అసలు సైటులాగే ఉంటుంది. ఉదాహరణకి వీఎల్‌సీ ప్లేయర్ అసలు చిరునామా వీడియోలాన్ డాట్ ఆర్గ్. ఇంకే పేరు కనిపించినా వెనక్కి వచ్చేయండి. పేజీలో మూడు నాలుగు డౌన్‌లోడ్ బటన్లు మెరుస్తుంటే అందులో కనీసం రెండు ప్రకటనలే.

కార్డు అడిగితే అది ఉచితం కాదు, ట్రయల్. అక్కడ డబ్బు కట్టేది రద్దు చేయడం మరిచిపోయినవాళ్ళు. ట్రయల్ తీసుకున్న రోజే రద్దు చేయండి. చాలా సర్వీసులు గడువు తీరేదాకా నడుస్తాయి, కొన్ని మాత్రం రద్దు నొక్కిన క్షణమే ఆగిపోతాయి. అందుకని ముందు రద్దు పేజీలో రాసింది చదవండి. ఆగిపోయే రకమైతే గడువుకి రెండు రోజుల ముందుకి ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. ఆఖరి రోజుకి ఎందుకు కాదంటే, కొన్ని చోట్ల 24 గంటల ముందే వచ్చే నెల బిల్లు ఖాయం చేసేస్తారు. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ పోదు, దయచేసి ఇది ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే రద్దు చేయాలి: ప్లే స్టోర్లో తీసుకుంటే ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్ల జాబితాలో, సైటులో తీసుకుంటే సైటులో. మీ బ్యాంకు వర్చువల్ కార్డు (ఆన్‌లైన్ చెల్లింపులకి మాత్రమే ఇచ్చే విడి కార్డు నంబరు) ఇస్తే చిన్న పరిమితి పెట్టి అదే ఇవ్వండి.

ఇక క్యాష్‌బ్యాక్. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రావాల్సిన డబ్బు రాక జనం “అంతా మోసం” అనేది ఇక్కడే. నిజానికి చాలాసార్లు మోసం కాదు, మధ్యలో లింకు తెగడం. ఇక్కడ డబ్బు కట్టేది షాపు, తన ప్రకటన ఖర్చులోంచి. మీరు క్యాష్‌బ్యాక్ సైటులో లింకు నొక్కగానే మీ బ్రౌజర్లో ఒక కుకీ పడుతుంది. ఈ మనిషిని పంపింది ఫలానా సైటు అని రాసిన చీటీ అనుకోండి. మీరు కొంటే షాపు ఆ సైటుకి కమిషన్ ఇస్తుంది, అందులో కొంత మీకు వస్తుంది. చాలా షాపులు ఆఖరున పడిన చీటీకే డబ్బిస్తాయి. మధ్యలో ఇంకో సైటు లింకు నొక్కితే పాత చీటీ మీద కొత్తది పడుతుంది, మీ వాటా అక్కడితో సరి. “కూపన్లు వెతకనా?” అంటూ పైకి లేచే ఎక్స్‌టెన్షన్‌కి (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) సరే అన్నా అదే జరగొచ్చు. 2024 డిసెంబరులో హనీ అనే కూపన్ ఎక్స్‌టెన్షన్ మీద పెద్ద దుమారం లేచింది ఈ సంగతి మీదే. ఆ తర్వాత, 2025 మార్చిలో, కొనేవాళ్ళకి ఏ లాభమూ చూపించకుండా ఎక్స్‌టెన్షన్లు అఫిలియేట్ లింకులు (కమిషన్ చీటీ వేసే లింకులు) చొప్పించకూడదని గూగుల్ క్రోమ్ నిబంధనల్లో చేర్చింది.

కాబట్టి వరస ఇది. కొనాల్సినవి ముందే చూసుకుని, పేర్లు రాసుకుని, కార్ట్ ఖాళీ చేయండి. కూపన్ ఎక్స్‌టెన్షన్లు, యాడ్ బ్లాకర్ ఆపేసి పాత కుకీలు లేని కొత్త ప్రైవేట్ విండో (ఇన్‌కాగ్నిటో) తెరవండి. క్యాష్‌బ్యాక్ సైటులో లాగిన్ అయి లింకు నొక్కి, అక్కడినుంచి ఇంకెక్కడికీ పోకుండా అదే విండోలో డబ్బు కట్టేయండి. షాపు యాప్ ఫోన్లో ఉంటే లింకు ఒక్కోసారి యాప్‌లోకి దూకుతుంది, అప్పుడు లెక్కలోకి రాకపోవచ్చు. క్యాష్‌బ్యాక్ సైటు తనే చూపించిన కూపన్లు తప్ప బయటి కోడ్లు వాడకండి. గిఫ్ట్ కార్డుతో కడితే చాలా షాపులు కమిషన్ ఇవ్వవు. ఆర్డర్ పేజీని టైముతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఒకటి రెండు రోజుల్లో “పెండింగ్” అని కనిపించకపోతే “నా కొనుగోలు లెక్కలోకి రాలేదు” అని ఆ సైటులో మిస్సింగ్ క్లెయిమ్ పెట్టాలి, దానికీ గడువుంటుంది. పెండింగ్ నెలల తరబడి ఉండటం మామూలే. వాపసు గడువు దాటితే గానీ షాపు కమిషన్ ఖాయం చేయదు. ఖాతాలో పడేవరకు ఆ డబ్బుని మీ లెక్కలో కలుపుకోవద్దు.

డిస్కౌంట్ శాతాలు చూసి మురిసిపోవడం మానాలి. 100 ఉన్న వస్తువు ధర 140 చేసి, దానిమీద 30 శాతం తగ్గింపు అని రాస్తే మీరు కట్టేది 98. ఇంత హడావిడి చేసి మిగిలింది రెండు. “20 శాతం, ఆపైన ఇంకో 10 శాతం” అంటే 30 కాదు, 28. “మూడు కొంటే ఒకటి ఉచితం” అంటే నాలుగూ మీకు అవసరమైతేనే 25 శాతం. అమెజాన్ సరుకుకైతే కీపా, క్యామెల్‌క్యామెల్‌క్యామెల్ అనే సైట్లు పాత ధరల గ్రాఫ్ చూపిస్తాయి. ఏడాది గ్రాఫ్ చూడండి, మూడు నెలలది కాదు; సేల్‌కి ముందు పెంచిన ధర చిన్న గ్రాఫ్‌లో మామూలు ధరలా కనిపిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి, తగ్గింపు ప్రకటిస్తే అంతకుముందు 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధర చూపాలన్న నియమం అమల్లోకి వచ్చింది. అలాంటి నియమం లేనిచోట ఆ పని మనమే చేసుకోవాలి.

గడియారం టిక్కుటిక్కుమంటూ తగ్గిపోతున్న ఆఫర్ కనిపిస్తే అదే పేజీని ప్రైవేట్ విండోలో తెరవండి. లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలైతే ఆ గడువు ఉత్తదే. ఇలాంటి ఎత్తులకి 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. పేరు తెలిస్తే పట్టుకోవడం సులువవుతుంది. లాగిన్ అయి ఉండి సరుకు కార్ట్‌లో వదిలేసి రెండ్రోజులు ఆగితే కొన్ని షాపులు తామే కూపన్ పంపుతాయి. తొందర ఎప్పుడూ వాళ్ళ అవసరమే.

సంపాదన సంగతికి వద్దాం. సర్వేలకి డబ్బు కట్టేది మార్కెట్ పరిశోధన చేయించుకునే కంపెనీలు. వాళ్ళకి ఫలానా వయసు, ఫలానా ఉద్యోగం ఉన్నవాళ్ళు ఇంతమంది అని కోటా ఉంటుంది. అది నిండాక మిమ్మల్ని పది నిమిషాల ప్రశ్నల తర్వాత కూడా “మీరు అర్హులు కారు” అని బయటికి పంపేస్తారు. ఆ పది నిమిషాలకీ విలువ కట్టండి. ఒక వారం పాటు బయటికి నెట్టేసిన సర్వేలతో సహా టైము రాసుకుని, వచ్చిన డబ్బుని గంటలతో భాగించండి. చాలా సైట్లకి ఈ లెక్క వేస్తే కొండని తవ్వి ఎలుకని పట్టినట్టే ఉంటుంది. విత్‌డ్రా పరిమితి ఎంతో ముందే చూడాలి. చాలామంది దాని దరిదాపులకి వచ్చి విసిగి వదిలేస్తారు. విశ్వవిద్యాలయాల అధ్యయనాలు పెట్టే ప్రొలిఫిక్ లాంటిచోట కాస్త నయం, గంటకి కనీస చెల్లింపు నియమం ఉంది. కానీ చేరడానికి వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది, అడిగిన వివరాల్లో అబద్ధం చెబితే ఖాతా పోతుంది. ప్రశ్నల మధ్యలో “ఇక్కడ మూడో జవాబే ఎంచుకోండి” లాంటివి దాచిపెడతారు. చదవకుండా నొక్కుకుంటూ పోయేవాళ్ళు అక్కడే దొరికిపోతారు.

వెబ్‌సైట్లు పరీక్షించే పని సర్వేలకన్నా మెరుగు. మైకు ఆన్ చేసి, స్క్రీన్ రికార్డ్ అవుతుండగా, మనసులో అనుకునేదంతా పైకి చెప్పాలి. “బటన్ కనిపించలేదు, మెనూలో ఉంటుందేమోనని చూస్తున్నాను” అనడమే పని. మౌనంగా ఉంటే రేటింగ్ పడిపోతుంది, ఆ తర్వాత పిలుపులు తగ్గిపోతాయి.

చేతిలో ఏదైనా నైపుణ్యం ఉంటే మాత్రం వీటన్నిటికంటే అదే దారి. చిన్న చిన్న పనులు ఆన్‌లైన్లో అమ్ముకునే ఫైవర్ సైటు మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. ఆపైన డబ్బు మార్పిడి, బదిలీ ఖర్చులు. అవన్నీ పోను ఎంత రావాలో ముందు అనుకుని ధర పెట్టండి. చేతికి 100 రావాలంటే ఒక్క 20 శాతం కోతకే 125 పెట్టాలి, 120 కాదు. వాడిన వస్తువులు అమ్మేటప్పుడు ఇతరులు ఎంత అడుగుతున్నారో చూడకండి, ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపే ఫిల్టర్ ఉంది. గీతలుంటే దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, వాపసులు తగ్గుతాయి. కొన్నవాళ్ళు “ఎక్కువ పంపేశాను, మిగతాది తిరిగి పంపండి” అంటే ఆగండి. వాళ్ళు పంపినది చెల్లదని బ్యాంకు తేల్చేసరికి మీరు పంపినది పోయి ఉంటుంది.

ఇప్పుడు అసలు కోపం తెప్పించేది. తెలియని నంబరు నుంచి మెసేజ్: ఇంట్లో కూర్చుని వీడియోలు లైక్ చేయండి, హోటళ్ళకి రేటింగ్ ఇవ్వండి, టాస్క్‌కి ఇంత. మొదటిరోజు నిజంగానే చిన్న మొత్తం పడుతుంది. అదే ఎర. తర్వాత గ్రూపులో చేరుస్తారు, అందులో “నాకు వచ్చింది, నాకు వచ్చింది” అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్ళు చాలావరకు వాళ్ళ మనుషులే. ఆ తర్వాత “కాంబో టాస్క్” అంటారు, ముందు మీరే డబ్బు వేయాలి. సైటులో మీ బ్యాలెన్స్ పెరుగుతూ కనిపిస్తుంది. అది డబ్బు కాదు, వాళ్ళు తెరమీద టైప్ చేసిన అంకె. తీసుకోబోతే పన్ను కట్టమంటారు, తర్వాత ఖాతా తెరిపించే రుసుము, తర్వాత ఇంకోటి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్కల్లో 2020లో ఈ రకం ఫిర్యాదు ఒక్కటీ లేదు. 2024 మొదటి ఆరు నెలల్లోనే దాదాపు 20,000 వచ్చాయి. ఇక్కడ ఆ ప్రశ్న వేసి చూడండి: లైక్ కొడితే డబ్బు ఎవరు కడుతున్నారు? మీకన్నా తర్వాత చేరినవాళ్ళు, ఆపైన మీరు. పని ఇచ్చేవాళ్ళు మిమ్మల్ని డబ్బు అడిగితే, అది డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ అన్నా, కిట్ అన్నా, అక్కడితో ఆపేయండి.

మీ బ్యాంకు ఖాతాని “అద్దెకి” ఇమ్మనేది, డబ్బు మీ ఖాతాలో వేసి కమిషన్ ఉంచుకుని మిగతాది పంపమనేది ఇంకా ఘోరం. అది ఇంకెవరిదో దోచిన డబ్బు. పోలీసులు ముందు వచ్చేది మీ పేరు మీదికే.

ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఇంకొక్క పైసా పంపకండి, “ఇది కడితే మొత్తం వచ్చేస్తుంది” అన్నా సరే. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి లావాదేవీ ఆపమని అడగండి, మొదటి గంటల్లోనే ఆశ ఎక్కువ. చాట్లు చెరపకండి; నంబర్లు, సైటు చిరునామా, డబ్బు పంపిన ఖాతా వివరాలు, తేదీలు స్క్రీన్‌షాట్లు తీసి పోలీసు ఫిర్యాదుకి జతచేయండి. కొన్నాళ్ళకి “పోయిన డబ్బు తెచ్చిపెడతాం, ముందు రుసుము కట్టండి” అని ఎవరో ఒకరు పలకరిస్తారు. మోసపోయినవాళ్ళ జాబితాలు చేతులు మారుతుంటాయి, అందుకే మీ పేరు, పోయిన మొత్తం కూడా వాళ్ళకి తెలిసి ఉంటుంది. ఆ నంబరు కూడా అదే ఫిర్యాదులో చేర్చండి.