పొడుగు చూసి రాకెట్ బలం చెప్పలేం

రాకెట్లను పక్కపక్కన నిలబెట్టిన బొమ్మలు ఫోన్లలో తెగ తిరుగుతుంటాయి. కింద రాసేది దాదాపు ఒకటే: ఎంత పొడుగైతే అంత శక్తి, సన్నదైతే గాలిని చీల్చుకుపోతుంది, లావుది పాతకాలపు డిజైను. మూడూ నిలబడవు.

పొడుగంటే శక్తి అనేవాళ్లకి శ్రీహరికోట నుంచి ఎగిరే ఇస్రో రాకెట్ల లెక్కలే చాలు. జీఎస్‌ఎల్‌వీ ఎత్తు దాదాపు 52 మీటర్లు, ఎల్‌వీఎం3 ఎత్తు 43.5. కానీ భూస్థిర బదిలీ కక్ష్యకు (సమాచార ఉపగ్రహాలు తమ చోటికి చేరేముందు తిరిగే సాగిన కక్ష్య) మొదటిది మోసేది 2.2 టన్నులు, రెండోది 4. పీఎస్‌ఎల్‌వీ కూడా ఎల్‌వీఎం3 కన్నా కాస్త పొడుగే. బరువు మాత్రం 320 టన్నులు, ఎల్‌వీఎం3లో సగం. తేడా అంతా అడ్డంలో ఉంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు, ఎల్‌వీఎం3 నడిభాగం 4. అదే ఎత్తుకు రెట్టింపు ఇంధనం పడుతుంది. దానికితోడు ఇరుపక్కలా 3.2 మీటర్ల ఎస్200 బూస్టర్లు, ఒక్కోదాంట్లో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం.

అసలు ఎత్తుకు హద్దు గీసేది ఇంజనే. అడుగున ప్రతి చదరపు మీటరూ తన నెత్తిమీదున్న ఇంధనాన్నంతా లేపాలి. తోపు (ఇంజన్ పైకి నెట్టే బలం) పెంచకుండా ట్యాంకు పొడిగిస్తూ పోతే రాకెట్ ప్యాడ్ వదలదు. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 తొలి రూపం (2010) 55 మీటర్లు మించలేదు, ఇప్పుడు 70. వ్యాసం మారలేదు, దాని మెర్లిన్ ఇంజన్ల తోపు పెరిగింది.

ఇక గాలి. కక్ష్య చేరడానికి సుమారు సెకనుకు 9,400 మీటర్ల వేగం కూడగట్టాలి. పెద్ద రాకెట్లలో అందులో గాలి తినేది 50 నుంచి 150. గురుత్వం తినేది వెయ్యికి పైనే. లావైతే ట్యాంకు బరువు పెరుగుతుందా అంటే అదీ లేదు. వ్యాసం రెట్టింపు చేస్తే లోపలి పీడనానికి రేకు మందం రెట్టింపవుతుంది, కానీ అంతే ఇంధనానికి ఎత్తు నాలుగో వంతు చాలు, గోడ వైశాల్యం సగమవుతుంది. గోడ బరువు ఎక్కడిదక్కడే.

లావు పాతదా? స్పేస్‌ఎక్స్ కొత్త రాకెట్ స్టార్‌షిప్ వ్యాసం 9 మీటర్లు. ఫాల్కన్ 9 సన్నదనానికి కారణం రోడ్డు: కాలిఫోర్నియాలో కట్టి, టెక్సస్‌లో పరీక్షించి, ట్రెయిలర్ మీద ఫ్లోరిడా చేర్చాలంటే 3.7 మీటర్లే. చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన శాటర్న్ 5 మొదటి దశ 10 మీటర్లు, అది పడవ మీద వెళ్లింది. రష్యా ప్రోటాన్‌ది రైలు ప్రయాణం, అందుకే 4.1 మీటర్ల నడి ట్యాంకు వేరుగా పంపి, చుట్టూ ఆరు ఇంధన ట్యాంకులు ప్రయోగ కేంద్రం బైకనూర్‌లో బిగిస్తారు.

సన్నదనానికి మూల్యం ఉంది. ఫాల్కన్ 9 ఎత్తు వ్యాసానికి దాదాపు 19 రెట్లు. పైగాలులు ఒక్కసారిగా మారే చోట అలాంటి రాకెట్ వంగుతుంది. ఆ వంపును గైరోలు (రాకెట్ ఎటు తిరుగుతోందో కొలిచే పరికరాలు) దారి తప్పినట్టు లెక్కేస్తే, ఇంజన్ తిప్పి సరిచేయబోయి ఊపు ఇంకా పెరుగుతుంది. అందుకే గైరోలు ఎక్కడ బిగించాలో, ఏ కంపనాన్ని వడగట్టాలో ముందే తేల్చుకుంటారు. పైగాలి హద్దు దాటిన రోజు ప్రయోగం వాయిదా వేస్తారు.