‘ఎ’ నుంచి ‘బి’కి వస్తే చదువు దిగజారినట్టేనా?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరపు ఉత్తర, వాయవ్య శివార్లలో, అంటే ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, ఇర్వింగ్ ప్రాంతాల్లో, తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. అందులో బడి జిల్లా (ఐఎస్‌డి, అంటే ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) పేరు లేదు కనుక ఎవరికి వారు అది తమ జిల్లా గురించే అనుకుని మరో నలుగురికి పంపుతున్నారు. రాష్ట్రం బడులకూ జిల్లాలకూ ఇచ్చే అక్షరాల గ్రేడ్ల గురించిన ఆ సందేశం సారాంశం ఇది: “మన ఐఎస్‌డికి 2022లో ‘ఎ’ ఉండేది, ఇప్పుడు ‘బి’. అంటే చదువు పడిపోయింది. పక్క జిల్లాకు ‘ఎ’ ఉంది కాబట్టి అక్కడ ఎక్కడ చేర్చినా మనకంటే నయం. ఇంగ్లీషు రాని పిల్లలు ఎక్కువవడం వల్లే ఈ గతి పట్టింది. ఇది బయటపడకూడదనే జిల్లాలు కోర్టుకెక్కాయి. ధరలు పడకముందే ఇల్లు అమ్ముకోండి.”

2022లో ‘ఎ’ తెచ్చుకున్న కొన్ని జిల్లాలకు ఆ తర్వాత ‘బి’ వచ్చిన మాట నిజమే. సందేశంలో నిజం అంతవరకే. మిగిలినదంతా దాని నుంచి లాగిన అర్థాలు.

తప్పు పోలిక దగ్గరే మొదలైంది. 2017 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర విద్యాశాఖ అయిన టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ 2018లో జిల్లాలకు, 2019లో ఒక్కో బడికి అక్షరాల గ్రేడ్లు ఇచ్చింది. కోవిడ్ వల్ల 2020, 2021 సంవత్సరాలకు గ్రేడ్లు లేవు. 2022లో ఇచ్చారు కానీ, ‘డి’, ‘ఎఫ్’ రావలసిన వాటికి ఏ అక్షరమూ వేయకుండా వదిలేశారు. 2023కి వచ్చేసరికి కొలబద్దే మారిపోయింది. హైస్కూలు విద్యార్థుల ఫలితాల స్కోరులో రాష్ట్రం పిల్లలకు పెట్టే స్టార్ పరీక్షల వాటా 40 శాతం, గ్రాడ్యుయేషన్ రేటుది 20 శాతం, మిగిలిన 40 శాతం కాలేజీకో ఉద్యోగానికో సైన్యానికో పిల్లలు ఎంతవరకు సిద్ధమయ్యారన్న లెక్కది. కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీలో నిర్ణీత మార్కులు, కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో 3, సంబంధిత కోర్సులతోపాటు గుర్తింపు పొందిన వృత్తి సర్టిఫికెట్, ఇలాంటి వాటిలో ఒక్కటి సాధించినా ఆ విద్యార్థి సిద్ధమైనట్టే. 2022 వరకు ఇలా 60 శాతం మంది సిద్ధమైతే ఆ భాగంలో ‘ఎ’ వచ్చేది. 2023 నుంచి 88 శాతం మంది కావాలి.

అరవైకి ఫస్ట్ క్లాసు ఇస్తున్న విశ్వవిద్యాలయం ఉన్నట్టుండి ఎనభై ఎనిమిది అంటే ఏమవుతుందో డిగ్రీ చదివిన తెలుగువాడికి విడమరచి చెప్పనక్కర్లేదు. పైగా ఈ లెక్క ఒక ఏడాది వెనక నడుస్తుంది. 2023 గ్రేడులో కలిసింది 2022లో పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయిన పిల్లల వివరాలు. 2023లోనే స్టార్ పరీక్ష స్వరూపం మారి, గుర్తు పెట్టే ప్రశ్నలు తగ్గి రాసే ప్రశ్నలు పెరిగాయి. జిల్లా గ్రేడు కట్టే పద్ధతి కూడా మారింది: మునుపు జిల్లా మొత్తాన్ని ఒకే బడిగా భావించి లెక్కించేవారు, ఇప్పుడు ఒక్కో బడి స్కోరును 3 నుంచి 12వ తరగతి వరకు ఉన్న పిల్లల సంఖ్యను బట్టి కలుపుతున్నారు. ఇన్ని మారిన తర్వాత పాత ‘ఎ’ పక్కన కొత్త ‘బి’ని పెట్టి చదువు పడిపోయిందనడం కుదరదు. పోల్చిచూసుకోవడానికని 2022 ఫలితాలను కొత్త నియమాలతో మళ్ళీ లెక్కగట్టి ఏజెన్సీయే విడిగా ఇచ్చింది. సందేశం రాసిన పెద్దమనిషి వాటి జోలికి పోలేదు.

అక్షరం ఎంత చిన్న తేడాకు మారుతుందో ఒక ఊహా బడిని తీసుకుని కాగితం మీద వేసి చూడవచ్చు. మొత్తం స్కోరులో, విద్యార్థుల ఫలితాలు, బడి పురోగతి అనే రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, విద్యార్థి వర్గాల మధ్య అంతరాలను తగ్గించడం అనే విభాగానికి 30 శాతం. ఫలితాల్లో 92, పురోగతిలో 78, అంతరాల విభాగంలో 86 వచ్చాయనుకుందాం. 64.4కి 25.8 కలిపితే 90.2, అంటే ‘ఎ’. మరుసటి ఏడు మిగతావన్నీ అలాగే ఉండి అంతరాల విభాగం 82కి తగ్గితే మొత్తం 89, అంటే ‘బి’. 78 వచ్చిన పురోగతి రెండేళ్ళూ లెక్కలోకే రాలేదని కూడా గమనించాలి.

పక్క జిల్లాలో ఎక్కడైనా నయమనే మాట ఇంకా బలహీనమైనది. జిల్లా గ్రేడు సగటు మాత్రమే. ‘ఎ’ జిల్లాలో ‘సి’ బడి ఉండవచ్చు, ‘బి’ జిల్లాలో ‘ఎ’ బడులు బోలెడు ఉండవచ్చు. ఊరి పేరును బట్టి జిల్లాను ఊహించుకోవడం మరో పొరపాటు. ఫ్రిస్కో నగరంలోని ఇళ్ళు ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ అనే నాలుగు జిల్లాల కిందికి వస్తాయి. ప్లేనోలో కొంత భాగం ఫ్రిస్కో ఐఎస్‌డిలో, ఇర్వింగ్‌లో కొంత భాగం కొప్పెల్ ఐఎస్‌డిలో ఉన్నాయి. ఇక పురోగతి విభాగం ఇప్పటికే పైస్థాయిలో ఉన్న మన పిల్లల గురించి చెప్పేది తక్కువ. స్టార్‌లో అన్నిటికన్నా పైదైన మాస్టర్స్ స్థాయిలో ఉన్న పిల్ల మరుసటి ఏడు కూడా అక్కడే నిలిస్తే బడికి పూర్తి పాయింటు వస్తుంది. ఆ పిల్ల నిజంగా ఎంత ఎదిగిందో అందులో కనిపించదు.

నాకు కష్టం కలిగించినది ఇంగ్లీషు రాని పిల్లల మాట. మా అమ్మాయిని కిండర్‌గార్టెన్‌లో చేర్చినప్పుడు ఇచ్చిన ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ప్రశ్న ఉంది. “ఇంగ్లీషనే రాసేయండి, లేకపోతే దాన్ని వేరే లెక్కలో వేస్తారట” అని మా ఆవిడ చెవిలో అంది. నేను తెలుగు అనే రాశాను. కొన్ని రోజుల తర్వాత అమ్మాయికి ఇంగ్లీషు పరీక్ష పెట్టారు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న ద్విభాషా విద్యార్థుల జాబితాలో చేర్చారు. ఆ జాబితాలో ఉన్నవాళ్ళు బయటపడేదాకా ఏటా టెల్పాస్ అనే పరీక్షలో వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ చూపించాలి. అంతరాల విభాగంలో వాళ్ళ మార్కులతోపాటు వాళ్ళ ఇంగ్లీషు ఎంత మెరుగైందన్నదీ లెక్కకు వస్తుంది, కాబట్టి బాగా నేర్పితే ఈ పిల్లలే బడి స్కోరును పెంచుతారు. అమెరికా బడిలో మొదటి ఏడాది చదువుతున్న అలాంటి పిల్లల స్టార్ మార్కులను ఫలితాల్లో కలపనే కలపరు. నిరుడు హైదరాబాదు నుంచి హెచ్4 వీసా మీద వచ్చి నాలుగో తరగతిలో చేరిన పిల్లవాడూ ఆ జాబితాలో ఉండవచ్చు. సందేశాన్ని ముందుకు పంపినవాళ్ళు వేలు చూపిస్తున్నది తమ ఇంటి పిల్లల వైపేనేమో ఒకసారి చూసుకోవాలి.

కోర్టు సంగతి కొంత ఆలోచించదగినదే. మారిన నియమాలను ముందుగా తెలియజేయలేదంటూ 2023లో వందకు పైగా జిల్లాలు దావా వేశాయి. ట్రావిస్ కౌంటీ న్యాయమూర్తి గ్రేడ్ల విడుదలను ఆపారు. 2025 ఏప్రిల్‌లో పదిహేనవ అప్పీలు కోర్టు ఆ అడ్డు తొలగించాక అదే నెల 24న 2023 గ్రేడ్లు, ఆగస్టు 15న 2024, 2025 గ్రేడ్లు ఒకేసారి వచ్చాయి. నాలుగు నెలల్లో మూడేళ్ళ గ్రేడ్లు చేతికొస్తే జనం తికమక పడడంలో వింత లేదు. గ్రేడ్లు ఆగిపోవడం వల్ల నిజంగా వెనకబడిన బడుల్లో పిల్లలున్న తల్లిదండ్రులు నష్టపోయారన్న విమర్శను నేను కాదనను. అయితే దాచారనడం సరికాదు. స్టార్ ఫలితాలు బడులవారీగా ఏటా బయటకు వస్తూనే ఉన్నాయి, ఆగినది అక్షరం ఒక్కటే.

ఇళ్ళ ధరల గురించి సందేశంలో ఒక్క అమ్మకం లెక్క కూడా లేదు. ఇళ్ళ ప్రకటనల్లో బడి పేరు పక్కన కనిపించే పదికి ఇన్ని అనే అంకె సాధారణంగా గ్రేట్‌స్కూల్స్ సంస్థ ఇచ్చేది. అది రాష్ట్రం ఇచ్చే అక్షరం కాదు.

2025లో చేసిన చట్టం ప్రకారం స్టార్ పరీక్ష పోయి 2027–28 విద్యా సంవత్సరం నుంచి దాని స్థానంలో మూడు చిన్న పరీక్షలు వస్తాయి. ఆ ఏడాది గ్రేడును ఇప్పటి గ్రేడు పక్కన పెట్టి ఎవరైనా ఇదే సందేశాన్ని మళ్ళీ పంపితే, ముందుగా అడగవలసింది ఆ రెండు అక్షరాలూ ఏ పరీక్ష మీద, ఏ నియమాల మీద వచ్చాయని.