వెనక్కి తిప్పడం నేరం

ఒకే సన్నివేశాన్ని పదేపదే వెనక్కి తిప్పి చూసే పిల్లవాడి చేతిలోంచి రిమోట్ లాక్కోవడం పెద్దల జన్మహక్కు. దాన్ని కాపాడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. అభిమాన హీరో సినిమాను విడుదలైన వారంలోనే పదిసార్లు చూసే పెద్దమనుషులకు ఇది వర్తించదు. అది భక్తి.

అమెరికాలోని ఓవెన్ సస్కిండ్ కథ మనకు గట్టి హెచ్చరిక. మూడేళ్లు నిండే వేళకు అతనికి మాటలు పోయాయి. ఆటిజం అన్నారు, అంటే నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల తేడా. డిస్నీ కార్టూన్లు మాత్రం వదల్లేదు. ‘ద లిటిల్ మెర్‌మెయిడ్’లో మంత్రగత్తె మత్స్యకన్య గొంతును బేరమాడే చోటికే టేపు తిప్పుకుంటూ ‘జూసర్‌వోస్’ అని గొణిగేవాడు. జ్యూస్ కావాలేమో అనుకుంది తల్లి. అది ‘జస్ట్ యువర్ వాయిస్’ అట, అంటే నీ గొంతు ఇస్తే చాలు అని! మాట పోయిన పిల్లవాడు వెతుక్కున్న సన్నివేశం అది. అర్థం తెలియని చిలకపలుకులని వైద్యులు తేల్చారు. మనమైతే అంత శ్రమ పడం, టీవీ వైరు పీకేస్తాం.

తండ్రి రాన్ పులిట్జర్ బహుమతి అందుకున్న పాత్రికేయుడు. అంతటి మనిషి దుప్పటి కింద దూరి, ‘అల్లాదీన్’లోని చిలుక ఇయాగో బొమ్మను చేతికి తొడుక్కుని, ఆ చిలుక గొంతుతో కొడుకును పలకరించాడు. కొడుకు బదులిచ్చాడు, తనకు స్నేహితులు లేరని. చిలకపలుకులకు చిలుకే దిక్కయింది.

తర్వాత ఓవెన్ నోటుపుస్తకం నిండా బొమ్మలు గీశాడు. వాటిలో హీరోలు లేరు, అందరూ హీరో పక్కన ఉండేవాళ్లే. మన సినిమాల్లో హీరో చేత చెంపదెబ్బ తినడానికే పుట్టే ఆ స్నేహితుడి జాతి! దారితప్పిన అలాంటి పాత్రల గురించి అతను అల్లిన కథకు ఫ్రెంచి చిత్రకారులు ప్రాణం పోశారు. అది చేరిన, ఓవెన్ మీద తీసిన డాక్యుమెంటరీ ‘లైఫ్, యానిమేటెడ్’ 2016లో వచ్చి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. (ఇది చదివి ఆటిజం ఉన్న ప్రతి పిల్లవాడిలోనూ ఒక డిస్నీని తవ్వితీయబోయే పెద్దలూ ఉంటారు. వాళ్లకు వేరే వ్యాసం బాకీ.)

అసలు యానిమేషన్ అంటే ఏమిటి? సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 కదలని చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు సరిపెట్టినా 12 బొమ్మలు గీయాలి. కనురెప్ప వాలే తీరు కుదిరేదాకా కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాలి. పాతకాలపు స్టూడియోల్లో బల్ల మీద అద్దం పెట్టుకుని, తమ ముఖాన్నే వంకర్లు తిప్పుతూ గీసేవారు. చేసిందే చేయడం, గంటల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోవడం, పక్కవాడి కంటికి ఆనని తేడా కోసం పట్టుబట్టడం. ఆరేళ్లవాడి పేరు కింద రాస్తే ఇది రోగ లక్షణాల చిట్టా, ఇరవయ్యారేళ్లవాడికైతే ఉద్యోగ ప్రకటన.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. జీతం రాళ్లు చేతికి వచ్చేదాకా ఏ పిల్లవాడూ టేపు వెనక్కి తిప్పరాదు. తప్పనిసరైతే గెజిటెడ్ అధికారి సంతకంతో దరఖాస్తు చేసుకోవాలి. లాక్కున్న రిమోట్‌ను పెద్దలు ఆ రాత్రికే తిరిగి ఇచ్చేయాలి, నిన్నటి మ్యాచ్ చివరి ఓవరును ఇంకొక్కసారి చూసుకున్నాక.