గేటు దగ్గరే తెర దించేయకండి

నాజీ నిర్బంధ శిబిరాలకి విముక్తి దొరికిన రోజుల్ని యూరప్‌లో ఏటా కచేరీలతో, నాటకాలతో, సాక్ష్యాలు చదివి వినిపించడంతో గుర్తుచేసుకుంటారు. చేసుకోవాలి కూడా. ఆనాడు లోపల అడుగుపెట్టిన సైనికులు దాదాపుగా వెళ్లిపోయారు, ఇకమీదట వాళ్ల మాట ఇంకొకరి నోటే వినాలి. నా బాధల్లా ఒక్కటే. ట్యాంకు వస్తుంది, గేటు తెరుచుకుంటుంది, వయొలిన్లు హోరెత్తుతాయి, తెర పడుతుంది. అసలు కథ మొదలయ్యేదే అక్కడ కదా!

జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శిబిరం సంగతే చూడండి. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం ఆ గేటు బద్దలు కొట్టుకుని వెళ్లలేదు. లోపల టైఫస్ అనే పేల వల్ల అంటుకునే జ్వరం ప్రబలింది, అది బయటికి పాకుతుందన్న భయంతో జర్మన్లే ఒప్పందం కుదుర్చుకుని శిబిరాన్ని అప్పగించారు. డెరిక్ సింగ్టన్ అనే అధికారి లౌడ్‌స్పీకర్ బండిలో తిరుగుతూ మీకు విముక్తి వచ్చిందని చాటాడు. అది వింటున్నవాళ్లు దాదాపు 60,000 మంది. వాళ్ల మధ్యే పూడ్చే దిక్కులేని శవాలు, వేలల్లో.

సైనికులకి కడుపు తరుక్కుపోయింది. తమ రేషన్ డబ్బాలు విప్పి చేతుల్లో పెట్టేశారు. నెలల తరబడి పస్తులున్న కడుపులు ఆ కొవ్వు మాంసాన్ని తట్టుకోలేకపోయాయి. తిన్నవాళ్లు తిన్నట్టే ఎంతోమంది పోయారు. జబ్బులూ నీరసమూ అన్నీ కలిసి, విముక్తి తర్వాత కూడా దాదాపు 14,000 మంది చనిపోయారు. జాలిపడి తను పెట్టిన తిండే ఎదుటివాడి ప్రాణం తీసిందని పాతికేళ్లు నిండని కుర్రాడికి తెలిస్తే ఎలా ఉంటుంది? ఇది నాటకమే చూపించగలదు. సినిమా అయితే షాట్ మార్చేస్తుంది. వేదిక మీద ఆ నటుడు డబ్బా పట్టుకుని మన ఎదురుగానే నిలబడి ఉంటాడు. అతనికీ మనకీ తప్పించుకునే దారి ఉండదు.

మనవాళ్లకి అసలే తెలియని ముక్క ఇంకోటుంది. ఆ తర్వాత అక్కడ పెట్టిన ఆహారం పేరు 'బెంగాల్ ఫామిన్ మిక్చర్'. పాలపొడి, పిండి, చక్కెర నీళ్లలో కలిపింది. 1943 బెంగాల్ కరువులో వాడినదే. అది మరీ తీపిగా ఉండి చాలామందికి గొంతు దిగలేదు. లక్షలమంది బెంగాలీలు ఆకలితో చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకున్న ప్రభుత్వం తాలూకు సైన్యమే ఇక్కడ ప్రాణాలు నిలబెట్టడానికి తంటాలు పడింది. ఈ మాట నాటకంలో ఉండాలంటాను. దానివల్ల ఆ సైనికుడి మంచితనానికి వచ్చే లోటేమీ లేదు.

2000లో ఆస్ట్రియాలోని మౌట్‌హౌజెన్ నాజీ శిబిరం రాతిక్వారీలో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా పెద్ద కచేరీ చేసింది. అలాంటి చోట ఇది తగునా అని అప్పట్లోనే వాదనలు నడిచాయి. నేను తప్పనను. కానీ నివాళి వేరు, సాక్ష్యం వేరు. 1945 జులైలో బెల్సెన్‌లోనే పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ వయొలిన్, ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ పియానో వాయించారు, బతికి బయటపడ్డవాళ్ల కోసం. ఇద్దరే మనుషులు, రెండే వాయిద్యాలు. నా మనసు అటే మొగ్గుతుంది.

విముక్తి తర్వాత బెల్సెన్‌కి లండన్ నుంచి దాదాపు వందమంది మెడికల్ స్టూడెంట్లు కూడా వచ్చారు. హాలండ్‌లో ఆకలితో ఉన్న పిల్లలకి సాయం చేయాలని బయల్దేరినవాళ్లని ఇక్కడికి మళ్లించారు. ఒక్కో బారకాసులో వందలమంది రోగులు, నేలంతా మలమూత్రాలు. చదువింకా పూర్తికాని పిల్లలు గంజి తాగించారు, పేలమందు చల్లారు, శవాల్ని బయటికి మోయించారు. ఎవరైనా కొత్తగా నాటకం రాస్తుంటే వీళ్లతో మొదలుపెట్టండి. మొదటి అంకంలో ట్యాంకు అక్కర్లేదు.